విమానాల ఓడకు కావలి



చంద్రగిరి నుండి ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు ఈ శీర్షికకు ఉత్తరం రాశాడు. అతడు కంప్యూటరులో సముద్ర యుద్ధం ఆట ఒకటి ఆడుతున్నాడట. "మాస్టారూ, నాకు నాలుగు విమానాల ఓడలున్నాయి. ఉన్న డబ్బంతా పెట్టి ఫైటరు విమానాలే కొన్నాను. శత్రువుకు నాకున్న వాటిలో సగమే ఉన్నాయి. అయినా మూడుసార్లు ఆడితే మూడుసార్లూ నా ఓడలే మునిగిపోయాయి. ఆట తప్పా, నా లెక్క తప్పా?" అని అడిగాడు. అదే కవరులో వాళ్ళ నాన్నగారు కూడా చిన్న చీటీ పెట్టారు. "అయ్యా, ఆ ఆట మానమని వీడికి మీరైనా చెప్పండి" అని ఉంది అందులో.

మానమని చెప్పను గాని, లెక్క నేర్చుకొని ఆడమంటాను. పరీక్షల రోజుల్లో మాత్రం నాన్నగారి మాటే పైమాట.

ఆట తప్పు కాదు నాయనా, లెక్కే తప్పు. కాని సిగ్గుపడవలసిన పని లేదు. పెద్ద పెద్ద నౌకాధిపతులు నిజమైన ఓడలతో, నిజమైన మనుషులతో ఈ లెక్కే తప్పారు. అందులో కొంత కథ మన బంగాళాఖాతంలోనే నడిచింది. మన కాకినాడ, మన విశాఖపట్నం ఆ కథలో ఉన్నాయి.

మొదట విమానాల ఓడ అంటే ఏమిటో చూద్దాం. మీలో సముద్రం చూడనివాళ్ళు చాలామంది ఉంటారు. పాత చిత్తూరు జిల్లాకు సముద్రమే లేదు గదా! 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట, శ్రీహరికోట వైపు తిరుపతి జిల్లాలో కలిశాయి. దాంతో తిరుపతివాళ్ళకు కూర్చున్న చోటికే సముద్రం నడిచి వచ్చింది. చిత్తూరువాళ్ళకు ఇంకా రాలేదు, పాపం.

విమానాల ఓడ అంటే సముద్రం మీద తేలే విమానాశ్రయం. పైన బల్లపరుపుగా పొడుగాటి డెక్కు ఉంటుంది. కింద విమానాలు దాచే పెద్ద కొట్టం. కొట్టం నుండి డెక్కు మీదికి విమానాలను ఎత్తే లిఫ్టులు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో మన నౌకాదళంలో చేరిన విక్రాంత్ పొడుగు 262 మీటర్లు. మీ బడి పరుగు పందెం నూరు మీటర్లయితే అలాంటివి రెండున్నర. నేల మీద పెద్ద విమానాలకు రెండు మూడు కిలోమీటర్ల బాట ఉన్నా ఇరుకే అంటారు. మరి ఇంత చిన్న చోటినుండి ఎట్లా లేస్తాయి?

గాలిపటం ఎగరేసేటప్పుడు మీరేం చేస్తారు? గాలి ఎటునుండి వస్తుందో చూసి, దానికి ఎదురుగా పరుగెత్తుతారు. ఓడా అంతే. విమానాలు లేవాలంటే ఓడ గాలికి ఎదురు తిరిగి వేగంగా పోతుంది. అప్పుడు విమానం కదలకముందే దాని రెక్కలకు గాలి బాగా తగులుతుంది. దిగేటప్పుడూ ఇదే పద్ధతి. ఈ సంగతి గుర్తుంచుకోండి. విమానాలు లేస్తూ దిగుతూ ఉన్నంతసేపూ ఓడ తన ఇష్టం వచ్చిన దారిన పోవడానికి వీల్లేదు, గాలి చెప్పిన దారినే పోవాలి.

ఇక విమానాలు. బాంబరు విమానం శత్రువు ఓడ మీద బాంబు వేస్తుంది, లేదా నీళ్ళలోకి టార్పెడో వదులుతుంది. ఫైటరు విమానం పని విమానాలతో పోట్లాడడం. అయితే ఫైటరుకు ఒక పని కాదు, రెండు పనులున్నాయి. మన ఓడ మీద ఆకాశంలో తిరుగుతూ కావలి కాయాలి. మన బాంబర్లు శత్రువు మీదికి పోయేటప్పుడు వాటి వెంట తోడుగా పోవాలి. ఒక ఫైటరు ఈ రెండు పనులూ ఒకేసారి చేయలేదు. చంద్రగిరి అబ్బాయి ఇక్కడిదాకా ఎరుగును. అతనికి తట్టనిది మూడో సంగతి: ఏ పనీ చేయకుండా డెక్కు మీద ఊరికే ఉండే ఫైటరు కూడా లెక్కలోదే.

ఎందుకంటారా? శనక్కాయల చేను కావలి చూసినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కాయ ఊరే రోజుల్లో రాత్రిపూట అడవిపందులు చేలో పడతాయి. ఒక రైతుకు ఆరుగురు కొడుకులున్నారనుకోండి. మొదటిరాత్రి ఉత్సాహంగా ఆరుగురూ పోయి తెల్లవార్లూ మేలుకుంటారు. రెండో రాత్రీ ఆరుగురే. మూడో రాత్రి ఏమవుతుంది? ఆరుగురూ గుర్రు పెడతారు, పందులు వచ్చి పంట పెళ్ళగిస్తాయి. తెలివైన రైతు ఇద్దరిని నిద్రపొమ్మని, నలుగురిని కావలి పెడతాడు. మరునాడు వంతు మారుస్తాడు. "నాకు ఆరుగురు కొడుకులు" అని అతడు చెప్పుకున్నా, పందుల లెక్కలో ఉండేది నలుగురే.

విమానానికి నిద్ర అక్కరలేదు గాని పెట్రోలు కావాలి. తుపాకులకు గుండ్లు కావాలి. పెట్రోలు సంగతి అందరూ ఆలోచిస్తారు, గుండ్ల సంగతే మరిచిపోతారు. రెండో ప్రపంచయుద్ధంలో జపానువాళ్ళ 'జీరో' ఫైటరు చాలా పేరు పొందింది. చాలా దూరం ఎగరగలదు, చటుక్కున మలుపు తిరగగలదు. కాని 1942లో దాని రెక్కల్లో ఉన్న రెండు పెద్ద తుపాకులకు ఒక్కొక్కదానికి అరవైయే గుండ్లు. గట్టిగా మీట నొక్కిపెడితే కొద్ది సెకన్లలో అయిపోతాయి. తరువాత మిగిలేవి చిన్న తుపాకులే. అంటే ఒక పోట్లాట కాగానే ఫైటరు కిందికి రావలసిందే, పెట్రోలు ఎంత ఉన్నా సరే.

సరే, ఇప్పుడు కథలోకి పోదాం.

1942 ఏప్రిల్ నెల. అప్పటికి బర్మా, సింగపూరు, అండమాను దీవులు జపాను చేతికి చిక్కుతూ వచ్చాయి. నగుమో అనే నౌకాధిపతి ఐదు పెద్ద విమానాల ఓడలతో హిందూ మహాసముద్రంలోకి వచ్చాడు. ఏప్రిల్ 4న బర్చాల్ అనే కెనడా వైమానికుడు సింహళానికి దక్షిణంగా వెతుకుతూ ఆ ఓడల గుంపును చూశాడు. చూసి రేడియోలో వార్త పంపుతుండగానే ఓడల మీద కావలి ఉన్న ఫైటర్లు వచ్చి అతని విమానాన్ని పడగొట్టాయి. అతడు ఖైదీ అయ్యాడు. కాని వార్త మాత్రం కొలంబో చేరింది.

వార్త చేరినా ఏం లాభం! మరునాడు ఉదయం జపాను విమానాలు కొలంబో మీదికి వచ్చేసరికి అక్కడి ఫైటర్లలో చాలా భాగం ఇంకా నేలమీదే ఉన్నాయి. పైనుండి శత్రువు దిగుతూ ఉంటే అవి కిందనుండి ఎక్కుతూ పోయాయి. మెట్లెక్కేవాడికీ, పై మెట్టు మీద నిలబడ్డవాడికీ కుస్తీ ఎట్లా ఉంటుందో అట్లా అయింది. చాలా విమానాలు కూలిపోయాయి.

ఏప్రిల్ 6న మన వంతు. ఓజవా అనే మరొక నౌకాధిపతి 'ర్యూజో' అనే చిన్న విమానాల ఓడనూ, కొన్ని యుద్ధనౌకలనూ వెంటబెట్టుకొని బంగాళాఖాతంలోకి వచ్చాడు. ర్యూజో మీది నుండి లేచిన విమానాలు ఆ రోజు కాకినాడ మీదా, విశాఖపట్నం మీదా బాంబులు వేశాయి. కొన్ని రోజుల్లోనే ఓజవా ఓడలూ విమానాలూ కలిసి మన సముద్రంలో ఇరవైకి పైగా సరకు ఓడలను ముంచాయి. వాటిని ఆపడానికి మన తీరం మీద ఫైటర్ల కావలి లేదు. ఆ కొద్ది విమానాలు తిన్నగా వచ్చి, బాంబులు వేసి, తిన్నగా పోయాయి. విశాఖ మీద పడిన ఒక బాంబు తొడుగును అక్కడి విశాఖ మ్యూజియంలో ఉంచారు. ఆ ఊరు పోయినప్పుడు చూడండి.

మద్రాసులో పెద్ద కంగారు పుట్టింది. తప్పనిసరిగా ఉండవలసినవాళ్ళు తప్ప తక్కినవాళ్ళు ఊరు విడిచి పొమ్మని దొరతనంవారే చెప్పారు. రైళ్ళు కిక్కిరిసిపోయాయి. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో చుట్టాలున్నవాళ్ళు అదృష్టవంతులు. మీ ముత్తాతల కాలంనాటి ముసలివాళ్ళు "జపానువాడి బాంబుల కాలం" అని చెప్పుకునేది ఈ రోజుల గురించే. మద్రాసు మీదికి ఆ నెల ఎవరూ రాలేదు. కాని రారని ఎవరికి తెలుసు?

ఏప్రిల్ 9న ఇంకొక ఘోరం జరిగింది. ఇంగ్లీషువాళ్ళ 'హెర్మిస్' అనే ఓడ ట్రింకోమలీ రేవు విడిచి దక్షిణంగా పోయి, తిరిగి వస్తున్నది. విమానాల ఓడగానే గీసి, విమానాల ఓడగానే కట్టడం మొదలుపెట్టిన మొట్టమొదటి ఓడ అదే. కాని ఆ రోజు దాని డెక్కు మీద ఒక్క విమానం కూడా లేదు. ఉన్న కొద్ది విమానాలనూ ఒడ్డున దించి వచ్చింది. జపాను విమానాలు దాన్ని కనుక్కున్నాయి. హెర్మిస్ ఒడ్డుకు వార్త పంపింది, ఫైటర్లను పంపమని అడిగింది. ఫైటర్లు వచ్చేసరికి ఆలస్యమైంది. ఎనభైకి పైగా విమానాలు మీదపడితే ఆ ఓడ ఎంతోసేపు నిలవలేదు. మూడువందలమందికి పైగా నావికులు పోయారు. విమానాలు లేని విమానాల ఓడ అంటే అంతే, పెద్ద గురి తప్ప ఇంకేమీ కాదు.

(ఇక్కడొక చిన్న ముచ్చట. ఆ పేరునే ఇంగ్లీషువాళ్ళు తరువాత ఇంకొక విమానాల ఓడకు పెట్టుకున్నారు. ఆ రెండో హెర్మిస్‌ను మన దేశం కొని 'విరాట్' అని పేరు మార్చింది. 1987 నుండి 2017 దాకా అది మన నౌకాదళంలో పనిచేసింది.)

మన కాకినాడ మీదికి వచ్చిన ర్యూజో ఏమైందో తెలుసుకోవద్దూ? ఇదే చంద్రగిరి అబ్బాయి జాగ్రత్తగా చదవవలసిన భాగం.

నాలుగు నెలలు గడిచాయి. 1942 ఆగస్టు 24న ర్యూజో పసిఫిక్ సముద్రంలో సోలమను దీవుల దగ్గర ఉంది. గ్వాడల్‌కనాల్ దీవిలో అమెరికావాళ్ళ విమానాశ్రయం మీద దెబ్బ తీయమని దానికి ఆజ్ఞ అయింది. ర్యూజో ఆరు బాంబర్లను పంపింది. వాటికి తోడుగా పదిహేను ఫైటర్లను పంపింది. ఆరుగురు పెళ్ళివారికి పదిహేనుమంది మేళగాళ్ళు! ఓడ మీద కావలికి మిగిలినవి కొద్ది ఫైటర్లు మాత్రమే. ఆ మధ్యాహ్నం అమెరికా ఓడ 'సారటోగా' నుండి ముప్పైకి పైగా బాంబర్లు ర్యూజో మీద పడ్డాయి. ఉన్న కావలి చాలలేదు. బాంబులూ టార్పెడోలూ తగిలి ఓడ నడక నిలిచిపోయింది. అటు పోయిన ఫైటర్లు పని ముగించుకొని తిరిగి వచ్చాయి. వచ్చి చూస్తే దిగడానికి డెక్కు లేదు! ఒక్కొక్కటే నీళ్ళలో దిగి మునిగాయి. వైమానికులను పక్కనున్న చిన్న యుద్ధనౌకలు పైకి తీశాయి. ఆ సాయంత్రం ర్యూజో కూడా మునిగింది.

తోడు పంపడం తప్పా అంటే తప్పు కాదు. తోడు లేకుండా పోయిన బాంబర్ల గతి దానికి రెండు నెలల ముందే లోకం చూసింది. జూన్ 4న మిడ్వే దీవి దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. జపాను ఓడలు నాలుగు, అమెరికా ఓడలు మూడు. 'హార్నెట్' అనే ఓడనుండి పదిహేను టార్పెడో విమానాలు ఫైటర్ల తోడు లేకుండానే జపాను ఓడల మీదికి పోయాయి. పదిహేనూ కూలాయి. వాటిలో ఉన్న ముప్పైమందిలో ఒక్కడు బతికాడు.

కాని ఆ రోజు కథ అక్కడితో అయిపోలేదు. తెల్లవారినప్పటినుండి జపాను ఓడల మీదికి ఒక గుంపు తరువాత ఒక గుంపు వస్తూనే ఉంది. ప్రతి గుంపునూ జీరోలు తరిమికొట్టాయి. తరిమిన జీరోకు గుండ్లు అయిపోతాయి, అది దిగాలి. నింపుకొని మళ్ళీ లేవాలి. ఆ కాలపు ఓడలకు ఉన్నది ఒకటే తిన్నని డెక్కు. దాని మీద విమానం దిగుతూ ఉంటే ఇంకొకటి లేవడానికి వీలుండదు, బాంబర్లను పైకి తెచ్చి వరుసగా నిలపడానికీ వీలుండదు. కావలివాళ్ళ రాకపోకలతోనే పొద్దంతా సరిపోయింది, ఎదురుదెబ్బ తీయడానికి పంపవలసిన బాంబర్లు కొట్టంలోనే ఉండిపోయాయి. పెళ్ళి ఇంట్లో ఒకటే వాకిలి ఉండి, నీళ్ళ బిందెలు లోపలికి వస్తూనే ఉంటే, వడ్డించే విస్తళ్ళు బయటికి పోవడమెట్లా?

(ఈ చిక్కు తీరడానికి యుద్ధం ముగిసి కొన్నేళ్ళు పట్టింది. డెక్కులో దిగే బాటను కొంచెం ఏటవాలుగా పక్కకు మళ్ళించారు. దిగే విమానానికి ఒక బాట, లేచేదానికి ఇంకొక బాట. 1961లో మన దేశానికి వచ్చిన మొదటి విక్రాంత్‌కు ఇటువంటి డెక్కే ఉండేది. ఇంత చిన్న ఆలోచన అన్నేళ్ళు ఎవరికీ తట్టకపోవడం నాకు ఇప్పటికీ విచిత్రమే!)

ఉదయం పది దాటింది. మరొక టార్పెడో గుంపు నీళ్ళను రాసుకుంటూ వచ్చింది. జీరోలు దాని వెంట పడ్డాయి. చాలా భాగం కిందికి దిగి ఒకే దిక్కుకు పోయాయి. సరిగ్గా అప్పుడే నిట్టనిలువుగా పైనుండి వేరే బాంబర్లు దిగాయి. పైన చూసేవాడు లేడు. జపాను ఓడల మీద రాడారు లేదు గనక దూరంనుండి కనిపెట్టి చెప్పేవాడూ లేడు. కొద్ది నిమిషాల్లో మూడు ఓడలు అంటుకున్నాయి. నాలుగోది అదే సాయంత్రం దెబ్బతిన్నది. శనక్కాయల చేలో తూర్పుగట్టున పంది అరిచిందని నలుగురూ తూర్పుకు పరుగెత్తితే పడమటి గట్టు ఏమవుతుందో చెప్పాలా? కంప్యూటరు ఆటలో కూడా కావలి ఫైటర్లను అన్నిటినీ ఒకే ఎత్తున పెట్టకూడదు. కొన్ని కింద, కొన్ని పైన. పైనివి కిందికి దిగరాదని ముందే కట్టడి చేయాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచే సంగతి చెబుతాను. ముప్పై ఏళ్ళకు పైగా పంతులు పని చేసినవాణ్ణి గదా, నాకు ఇది ముఖ్యంగా తోచడంలో వింత లేదు.

ఫైటరును కర్మాగారంలో కొన్ని వారాల్లో చేయవచ్చు. వైమానికుణ్ణి అట్లా చేయలేరు. నేల మీద దిగడం నేర్చుకోవాలి, తరువాత ఊగే డెక్కు మీద దిగడం నేర్చుకోవాలి, ఆ తరువాత పోట్లాట. యుద్ధం మొదట్లో జపానువాళ్ళ ఓడల మీది వైమానికులు చాలా ఏళ్ళు శిక్షణ పొందిన గట్టివాళ్ళు. జపాను వాళ్ళనే మళ్ళీ మళ్ళీ యుద్ధానికి పంపుతూ వచ్చింది. ఒక్కొక్కరే తగ్గిపోయారు. అమెరికావాళ్ళు వేరే పద్ధతి పెట్టారు. కొంతకాలం పోరాడిన వైమానికుణ్ణి వెనక్కి పిలిచి, "ఇక నీవు పోయి పిల్లలకు నేర్పు" అని శిక్షణ బడికి పంపారు. యుద్ధం జోరుగా సాగుతూ ఉండగా మంచి యోధుణ్ణి బడికి పంపడమంటే ఆ రోజుకు నష్టమే. అయినా పంపారు.

దాని ఫలం 1944లో కనబడింది. జూన్ 19న ఫిలిప్పీను సముద్రంలో జపాను విమానాలు అమెరికా ఓడల మీదికి అలలు అలలుగా వచ్చాయి. వాటిని పంపిన నౌకాధిపతి ఎవరనుకున్నారు? మన కాకినాడ మీదికి వచ్చిన ఓజవాయే. అతని వైమానికుల్లో చాలామంది కొత్త పిల్లలు. ఎదుట ఉన్నవాళ్ళు రాడారుతో ముందే కనిపెట్టి, ఫైటర్లను ఎత్తుకు లేపి, సిద్ధంగా నిలబెట్టారు. ఆ ఒక్కరోజులో జపానుకు మూడువందల దాకా విమానాలు పోయాయి. అక్టోబరులో ఓజవా మళ్ళీ నాలుగు విమానాల ఓడలతో వచ్చాడు. నాలుగు ఓడల మీదా కలిపి వంద పైచిలుకు విమానాలే ఉన్నాయి. ఈసారి అతడు గెలవడానికి రాలేదు. ఎరగా వచ్చాడు. అమెరికా నౌకాధిపతి హాల్సీ ఆ ఎరను చూసి తన పెద్ద ఓడలను తీసుకొని ఉత్తరానికి పరుగెత్తాడు, కాపలా కాయవలసిన జలసంధిని విడిచిపెట్టి! అక్టోబరు 25న ఓజవా నాలుగు ఓడలూ మునిగాయి. ఖాళీ డెక్కులతో వచ్చినవాణ్ణి తెలివైనవాడనాలో, దిక్కులేనివాడనాలో మీరే ఆలోచించండి. నేనైతే రెండూ అంటాను.

మన విక్రాంత్ సంగతి ఒక్క మాట. 1971 డిసెంబరు 4న విక్రాంత్ మీది 'సీహాక్' విమానాలు బంగాళాఖాతం నుండి లేచి కాక్స్‌బజారు, చిట్టగాంగు రేవుల మీద దెబ్బ తీశాయి. ఆ ఓడను ముంచాలని వచ్చిన 'ఘాజీ' జలాంతర్గామి అంతకుముందు రాత్రి విశాఖ రేవు ముందరే మునిగిపోయింది. అప్పుడు విక్రాంత్‌కు ఒక బాయిలరు పగులు బారి ఉంది, పూర్తి వేగంతో పోలేదు. వేగం తగ్గితే డెక్కు మీద గాలి తగ్గుతుందని పైన చెప్పుకున్నాం గదా, అందుకే ఆ రోజుల్లో ప్రతి విమానాన్నీ లేపడం లెక్క చూసుకొని చేసిన పని. తూర్పు బెంగాలులో శత్రువుకు ఉన్న కొద్దిపాటి ఫైటర్లను మన వైమానిక దళం మొదటి రోజుల్లోనే నేలకు అదిమిపెట్టింది. కాబట్టి మన ఓడకు కావలి బరువు తగ్గింది, సీహాకులు దాడి పనికి దొరికాయి. ఎదుటివాడి ఫైటర్లు తగ్గితే మన ఫైటర్లు పెరిగినట్టే. ఇదీ లెక్కే.

ఇక కంప్యూటరు లేని పిల్లలకోసం ఆట. మా వీధి పిల్లలు మా తిన్నె మీద ఆడుతున్నారు. పులిజూదం వచ్చినవాళ్ళకు ఒక పూటలో పట్టుబడుతుంది.

ఇద్దరు ఆడాలి. ఒక్కొక్కరికి ఒక కొబ్బరిచిప్ప, అదే ఓడ. పన్నెండు చింతగింజలు, అవి ఫైటర్లు. నాలుగు గురిగింజలు, అవి బాంబర్లు. సీమసున్నంతో ఎవరి ముందర వాళ్ళు మూడు గళ్ళు గీసుకోవాలి. ఒకటి కావలి, ఒకటి తోడు, ఒకటి డెక్కు. ప్రతి విడతలోనూ ఎన్ని గింజలు ఎక్కడ పెడతారో, బాంబర్లను పంపుతారో లేదో ఎదుటివాడికి కనపడకుండా కాగితం మీద రాసుకొని, ఇద్దరూ ఒకేసారి చూపించాలి.

కావలి గింజ వరుసగా రెండు విడతలు పైన ఉండవచ్చు, మూడో విడత తప్పక డెక్కు మీద ఉండాలి. తోడు పోయిన గింజ, బాంబరు గింజ మరుసటి విడత డెక్కు మీద ఉండాలి. దాడి జరిగినప్పుడు ఒక తోడు గింజకు ఒక కావలి గింజ చెల్లు, ఆ రెండూ ఆ విడతకు పోట్లాటలో లేనట్టే. మిగిలిన కావలి గింజ ఒక్కొక్కటీ ఒక్కొక్క బాంబరును పట్టుకుంటుంది. పట్టుబడిన బాంబరు ఇక ఆటలో లేదు. తప్పించుకున్న బాంబరు ఒక్కొక్కటీ ఓడకు ఒక దెబ్బ. ఒక దెబ్బకు డెక్కు మీద ఉన్న చింతగింజ ఒకటి కాలిపోతుంది. ఐదు దెబ్బలు తింటే ఓడ మునిగినట్టు.

మొదటిసారి ఆడేవాళ్ళందరూ భయపడి పన్నెండు గింజలూ కావలికి పెడతారు. రెండు విడతలు ఓడకు ఢోకా ఉండదు. ఎదుటివాడు చప్పుడు చేయకుండా లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. మూడో విడతలో పన్నెండూ డెక్కు మీదికి దిగవలసిందే. అప్పుడు అతడు నాలుగు బాంబర్లను తోడు కూడా లేకుండా పంపుతాడు. నాలుగు దెబ్బలు, నాలుగు గింజలు బుగ్గి. ఇంక ఒక్క బాంబరు తప్పించుకుంటే చాలు, ఓడ మునుగుతుంది. చంద్రగిరి అబ్బాయి కంప్యూటరులో మూడుసార్లు చేసినది ఇదేనని నా అనుమానం. శత్రువుకు సగమే ఉన్నా, ఆ సగానికి వంతులు ఉండి ఉంటాయి.

వంతులు పెట్టి చూడండి. ఆరు గింజలను రెండేసి చొప్పున మూడు జట్లు చేస్తే, ఎప్పుడూ రెండు జట్లు పైన, ఒక జట్టు డెక్కు మీద. అంటే ఏ విడతలో చూసినా నాలుగు కావలి గింజలుంటాయి. మిగిలిన ఆరూ విడత మార్చి విడత బాంబర్ల వెంట పోవచ్చు. చూడడానికి పన్నెండు, నిలకడగా ఓడను కాచేవి నాలుగు. నాలుగేనా అని మనసు చివుక్కుమంటుంది. అయినా అంతే.

బాగా చేయి తిరిగాక ఇంకొక షరతు చేర్చుకోండి. మూడు గింజలకు సున్నంతో బొట్టు పెట్టండి. బొట్టు గింజ అంటే ఆరితేరిన వైమానికుడు, పోట్లాటలో రెండు గింజలకు సమానం. బొట్టు గింజనూ మామూలు గింజనూ కలిపి మూడు విడతలు పక్కన పెడితే, అది బడి అన్నమాట. నాలుగో విడతకు రెండూ బొట్టు గింజలై తిరిగి వస్తాయి. ఆ మూడు విడతలూ మీ ఓడకు ఎంత కష్టమో ఆడి చూడండి. మా వీధిలో ఇప్పటికి ఒక్క అమ్మాయే గుండె దిటవు చేసుకొని బడికి పంపింది. రెండు దెబ్బలు తిన్నది, చివరకు గెలిచింది.

ఈ నెల లెక్క: మీకు పద్దెనిమిది ఫైటరు గింజలున్నాయి. ఏ విడతలోనూ ఎనిమిదికి తగ్గకుండా కావలి ఉంచాలి. విడత మార్చి విడత దాడికి తోడుగా ఎన్ని పంపగలరు? ఎదుటివాడు ఏడు తోడు గింజలతో నాలుగు బాంబర్లను పంపాడు. ఓడకు ఎన్ని దెబ్బలు తగులుతాయి? ఆ దెబ్బల తరువాత, తోడును తగ్గించకుండా, ఇక ముందు ఎన్ని గింజలతో నిలకడగా కావలి పెట్టగలరు? జట్లు ఎట్లా విడదీశారో గళ్ళు గీసి చూపిస్తూ, వచ్చే నెల పదో తేదీలోగా కార్డు రాయండి. చంద్రగిరి నాన్నగారు కూడా రాయవచ్చు.